వెనక బ్రేకుల బలం తగ్గించిన పని: పాత రేసు ఫియట్ 1100 డి కేస్ స్టడీ

జడ్చర్లలో మా వర్క్‌షాపుకు రోజూ వచ్చేవి 44వ నంబరు హైవే మీద తిరిగే లారీలు, డీసీఎంలు, టాక్సీలు. బ్రేకుల పనే మాకు ఎక్కువ. పోయిన ఎండాకాలం ఒక ఫియట్ 1100 డి టోయింగ్ బండి మీద వచ్చి మా గేటు ముందు దిగింది. లోపల డ్రైవర్ సీటు ఒక్కటే ఉంది, చుట్టూ ఇనుప పైపుల కేజ్. డోర్ల మీద పాత నంబరు గుండ్రాలు ఎండకు వెలిసి ఇంకా కనబడుతున్నాయి. ఓనర్ మహబూబ్‌నగర్‌లో ఉంటారు. వాళ్ల నాన్నగారు ఈ కారును షోలవరంలో నడిపారట. మద్రాసు దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. 1990లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో రేసులంటే షోలవరమే. ఇప్పుడు కొడుకు ఈ కారును ఇరుంగట్టుకోట్టైలోని ఆ 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద ఒక్కసారైనా తిప్పాలని పట్టుదలగా ఉన్నారు.

ఆయన చెప్పిన కంప్లెయింట్లు రెండు. గట్టిగా బ్రేకు తొక్కితే కారు వెనక భాగం పక్కకు జారుతోంది. రెండోది, శ్రీశైలం వెళ్తూ దోమలపెంట దాటాక డ్యామ్ వైపు ఘాట్ దిగుతుంటే పెడల్ మెల్లగా కిందికి పోయింది. గేర్ల మీద, హ్యాండ్ బ్రేక్ మీద ఎలాగో బండిని పక్కకు తీసి ఆపారు. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆయన ముఖంలో టెన్షన్ కనబడింది.

"వెనక బ్రేకులు సరిపోవడం లేదు అన్నా. ఇంకా పెద్ద కాలిపర్లు పెట్టండి, ఖర్చు ఎంతైనా సరే" అన్నారు. కాలిపర్ అంటే చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా ప్యాడ్లతో పట్టి నొక్కే భాగం.

నేను వెంటనే ఒప్పుకోలేదు. బ్రేకు తొక్కినప్పుడు వెనక భాగం జారుతోందంటే అక్కడ బ్రేకు చాలక కాదు, ఎక్కువై. లాక్ అయిన, అంటే తిరగడం ఆగి రోడ్డు మీద ఈడ్చుకుపోయే టైరుకు పక్కకు జారకుండా పట్టుకునే బలం ఉండదు. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ తిరగదు గానీ కారు నేరుగా పోతుంది, పెడల్ కొంచెం వదిలితే మళ్లీ చేతికి వస్తుంది. వెనక చక్రాలు లాక్ అయితే వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది. అప్పుడు వదిలినా చాలాసార్లు ఆలస్యమైపోతుంది. అందుకే ఏ కారుకైనా ముందు చక్రాలే మొదట లాక్ కావాలి. ఓనర్ అడిగింది ఒకటి, కారుకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఈ కేసు మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

విప్పి చూస్తే

ఫియట్ 1100 డికి కంపెనీ ఇచ్చినవి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, అంటే చక్రంతో తిరిగే గిన్నెను లోపలి నుంచి షూలు ఒత్తి ఆపే పాత రకం బ్రేకులు. రేసుల్లో డిస్క్ బ్రేకుల సత్తా 1953లోనే, జాగ్వార్ సి-టైప్ కారు ఫ్రాన్స్‌లో లె మాన్స్ రేసు గెలిచినప్పుడే లోకానికి తెలిసింది. మన రోడ్ల మీది ఫియట్లు మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లు డ్రమ్ములతోనే తిరిగాయి. ఈ కారుకు కొన్నేళ్ల కింద వేరే ఊరి షాపులో నాలుగు చక్రాలకూ డిస్కులు పెట్టారు. పని చూడటానికి శుభ్రంగానే ఉంది. కానీ నాలుగు చోట్లా ఒకే కాలిపర్, ఒకే డిస్క్. ఒక చిన్న కారు ముందు చక్రాలవి రెండు సెట్లు కొని, ఒకటి ముందు, ఒకటి వెనక బిగించేశారు. వెర్నియర్ పెట్టి కొలిస్తే పిస్టన్లు నాలుగూ 48 మి.మీ.

వెనక కాలిపర్లలో గాలి బయటికి తీసే బ్లీడింగ్ నిపుల్ కింది వైపు ఉంది. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కదా. నిపుల్ కింద ఉంటే ఎన్ని లీటర్ల ఆయిల్ తోసినా పై భాగంలో బుడగ అలాగే ఉండిపోతుంది. ఇలా ఎందుకైందంటే, అసలు కారులో చక్రానికి వెనక వైపు కూర్చునే కాలిపర్‌ను ఇక్కడ ఇరుసుకు ముందు వైపు పెట్టారు. అలా తిప్పి పెట్టేటప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చాలి. మార్చలేదు. డిస్క్ మార్పిడి చేసిన బండ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే.

పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్ డ్రమ్ముల కాలం నాటిదే, 22.2 మి.మీ. అంటే 7/8 అంగుళం. వెనక లైను బయటికొచ్చే చోట చిన్న చెక్ వాల్వు ఉంది. డ్రమ్ము బ్రేకులకు అది కావాలి. పెడల్ వదిలాక కూడా లైనులో చదరపు సెంటీమీటరుకు సుమారు 0.7 కిలోల ఒత్తిడి ఉంచి, వీల్ సిలిండర్ రబ్బర్లు వదులు కాకుండా చూస్తుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ కొంచెం ఒత్తిడి లెక్కలోకి రాదు. డిస్కులో స్ప్రింగు లేదు. పిస్టన్‌ను వెనక్కి లాగేది చదరపు అంచుల రబ్బరు సీల్ ఒక్కటే. తొక్కినప్పుడు అది పిస్టన్‌తో పాటు కొంచెం మెలిపడుతుంది, వదిలితే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. 48 మి.మీ. పిస్టన్ వైశాల్యం 18.1 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 0.7 అంటే 12 కిలోలకు పైగా బరువు, పెడల్ మీద కాలు లేకపోయినా ప్యాడ్‌ను డిస్కుకు ఒత్తుతూనే ఉంది. ఆ చిన్న రబ్బరు దానితో ఏం పోరాడగలదు!

ఇంకా ఉంది. కాలిపర్ జారే పిన్నులకు మామూలు చాసిస్ గ్రీజు పూశారు. మినరల్ గ్రీజు తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బుతాయి. ఎడమ వైపు పిన్ను బూటు ఉబ్బి పట్టేసింది, చేత్తో కదలడం లేదు. అందుకే ఆ వైపు లోపలి ప్యాడ్ దాదాపు అయిపోయింది, బయటిది కొత్తదానిలా ఉంది.

ఘాట్ దగ్గర ఏమైందో ఇప్పుడు అర్థమైంది. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా అడవిలో ఎక్కువగా బ్రేకు తొక్కే పని ఉండదు. కానీ ఆ దారంతా వెనక ప్యాడ్లు రాసుకుంటూనే వచ్చాయి. ఘాట్ మొదలయ్యేసరికే వెనక డిస్కులు కాలిపోతున్నాయి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది, పెడల్ కిందికి దిగుతుంది. ముందే లోపలున్న గాలి బుడగ దానికి తోడైంది.

కాటా మీద

లెక్క కోసం కారును మార్కెట్ యార్డు దగ్గరి కాటా మీదికి తీసుకెళ్లాం. మొదట మొత్తం, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, తర్వాత వెనకవి. ఓనర్‌ను సీట్లో కూర్చోబెట్టే తూకం వేయించాను. మొత్తం 820 కిలోలు. ముందు 430, వెనక 390. చీటీ వెనక అక్కడే లెక్క మొదలుపెట్టాను.

కారు ఆగుతున్నప్పుడు బరువు వెనక నుంచి ముందుకు మారుతుంది. ఎంత మారుతుందో మూడింటి మీద ఆధారపడుతుంది: ఎంత గట్టిగా ఆగుతోంది, బరువు కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎంత. ఫియట్‌కు ఆ దూరం 2.34 మీటర్లు. ఎత్తు అర మీటరు అనుకున్నాను. గట్టి రేడియల్ టైర్లతో పొడి రోడ్డు మీద భూమ్యాకర్షణలో 0.85 వంతు దాకా పట్టు దొరుకుతుందని పెట్టుకున్నాను. ఆ లెక్కన పూర్తి బ్రేకులో దాదాపు 150 కిలోలు ముందుకు పోతాయి. ముందు 580, వెనక 240 మిగులుతాయి. అంటే 70, 30 వంతులు. బ్రేకు కూడా ఆ వంతులోనే ఉండాలి. ఈ కారులో నాలుగూ ఒకటే కాబట్టి 50, 50 ఉంది. పొడి రోడ్డు మీద కూడా ఆగే బలం 0.6 వంతు దగ్గరకు రాగానే వెనక చక్రాలు లాక్ అవుతాయి, ముందు టైర్లలో ఇంకా బోలెడు పట్టు మిగిలి ఉండగానే. వాన రోడ్డు మీదైతే ఇంకా ముందే.

డిస్కులు, ప్యాడ్ల రకం మార్చకుండా వెనక పిస్టన్‌ను మాత్రమే చిన్నది చేస్తే చాలు. 70, 30 కంటే కొంచెం సురక్షితంగా 72, 28 అనుకుంటే వెనక పిస్టన్ 30 మి.మీ. ఉండాలి. 48 నుంచి 30కి. ఓనర్ ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఆపేసిన స్లీవ్

నా మొదటి ఆలోచన ఉన్న కాలిపర్‌లోనే స్లీవ్ వేయడం. బోర్‌లో బయట 48, లోపల 30 మి.మీ. ఉన్న స్టీలు బుష్షు దింపి, దానిలో కొత్త సీల్ గాడి కోసి, చిన్న పిస్టన్ పెట్టాలి. కాగితం మీద గీసుకుని మహబూబ్‌నగర్‌లో లేత్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లుగా నా పనులన్నీ ఆయనే చేస్తారు. బొమ్మను కాసేపు చూసి ఒక్క ప్రశ్న అడిగారు.

"అన్నా, ఆయిల్ ప్రెషర్ పిస్టన్‌నే నూకదు గద. గీ బుష్షు అడుగును గూడ నూకుతది. బుష్షు బైటికి రాకుండ ఏం ఆపుతది?"

అక్కడే నిలబడి లెక్క వేశాం. 18.1 లోంచి 30 మి.మీ. పిస్టన్ వైశాల్యం 7.1 తీసేస్తే బుష్షు అడుగున మిగిలేది 11 చదరపు సెంటీమీటర్లు. గట్టిగా తొక్కితే లైనులో చదరపు సెంటీమీటరుకు 70 కిలోలు వస్తాయి. అంటే 770 కిలోల బలం ఆ బుష్షును ప్యాడ్ వైపు తోస్తుంది. బిగుతుగా నొక్కి దింపే ప్రెస్ ఫిట్ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోలేం, డిస్క్ వేడికి రెండు లోహాలు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. పక్క నుంచి స్క్రూ వేసి ఆపొచ్చు, కానీ పోత ఇనుప కాలిపర్‌కు, అదీ వయసు తెలియని దానికి, ఒత్తిడి ఉండే గోడలో కొత్త రంధ్రం వేయడానికి నా మనసు ఒప్పలేదు. తుప్పు తిన్న బోర్‌కు రెండు మి.మీ. సన్నని స్లీవ్ వేయడం వేరు, దాని అడుగు వైశాల్యం తక్కువ. ఇది వేరు. బొమ్మ అక్కడే చింపేశాను. ఆ ప్రశ్న అడిగినందుకు భాయ్‌కి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. స్లీవ్ బయటికొస్తే అది ట్రాక్ మీద, మూల మలుపు ముందే వచ్చేది.

34 మి.మీ. కాలిపర్

అప్పుడు ఆలోచన మార్చాను. వెనక చక్రాల కోసమే తయారైన కాలిపర్ వెతకాలి. హైదరాబాద్ ఆటోనగర్ స్క్రాప్‌లో రెండు రోజులు తిరిగితే ఒక పెద్ద సెడాన్ వెనక కాలిపర్లు ఒక జత దొరికాయి. పిస్టన్ 34 మి.మీ., హ్యాండ్ బ్రేక్ లివర్ కాలిపర్‌లోనే ఉంది. రోడ్డు మీద తిరిగే బండికి హ్యాండ్ బ్రేక్ ఉండి తీరాలి, పాత పనిలో దానికోసం వేరే ఏర్పాటు అడ్డదిడ్డంగా చేశారు. సీల్ కిట్లు రాణిగంజ్‌లో దొరికాయి.

34 మి.మీ. అంటే 9.08 చదరపు సెంటీమీటర్లు, ముందుదానిలో దాదాపు సగం. వంతు 67, 33. నాకు కావాల్సినదానికంటే వెనక వంతు కొంచెం ఎక్కువే. కానీ లెక్క మళ్లీ వేస్తే ఈ తేడా మంచిదే అనిపించింది. వాన రోడ్డు మీద, పట్టు 0.4 ఉన్నప్పుడు, ముందు చక్రాలే ముందు లాక్ అవుతాయి. పొడి రోడ్డు మీద ఆగే బలం 0.78 వంతు దాటాక మాత్రమే వెనకవి మొదట లాక్ అవుతాయి. ఆ చివరి కొంచెం కోసం వెనక లైనులో తిప్పే నాబ్ ఉన్న ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టాను. ఒక ఒత్తిడి దాకా అది ఏమీ చేయదు, దాటాక వెనక ఒత్తిడిని నెమ్మదిగా పెరగనిస్తుంది. 50, 50 ఉన్న కారుకు ఈ వాల్వు ఒక్కటే పెట్టి సరిచేయాలని చూసేవాళ్లున్నారు. వాన రోడ్డు మీద ఒత్తిడి ఆ హద్దు దాకా వెళ్లకముందే వెనక చక్రాలు లాక్ అయిపోతాయి, వాల్వుకు పని చేసే అవకాశమే రాదు. మొదట పిస్టన్ సరైనది ఉండాలి.

ఇంకో సమస్య వస్తుందని ముందే తెలుసు. మొత్తం పిస్టన్ వైశాల్యం ఒక్కో వైపు 36.2 నుంచి 27.2కు తగ్గింది. అదే బ్రేకు కోసం కాలితో మూడో వంతు ఎక్కువ బలం పెట్టాలి. దీనికి మందు మాస్టర్ సిలిండర్‌లోనే ఉంది. పాత 7/8 అంగుళం తీసేసి 3/4 అంగుళం, అంటే 19 మి.మీ. టాండెం (ఒకే గొట్టంలో రెండు పిస్టన్లున్న) సిలిండర్ పెట్టాం. అదే కాలి బలానికి లైనులో ఒత్తిడి 1.36 రెట్లు వస్తుంది. చిన్న సిలిండర్ తక్కువ ఆయిల్ తోస్తుంది, కానీ వెనక చిన్న పిస్టన్లకు కావాల్సిందీ తక్కువే. పెడల్ ప్రయాణం, బరువు దాదాపు పాతలాగే ఉండిపోయాయి. డిస్కుల కోసం చేసిన సిలిండర్ కాబట్టి ఆ చెక్ వాల్వు పీడా పోయింది. ఈ కేసులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన లెక్క ఇదే.

బ్రాకెట్లు 12 మి.మీ. స్టీలు ప్లేటుతో చేయించాం. పాత డ్రమ్ము బ్యాక్ ప్లేటు బిగించే నాలుగు బోల్టులనే వాడుకున్నాం, ఇరుసు గొట్టానికి వెల్డింగ్ ఒక్క చుక్క కూడా వేయలేదు. బోల్టులన్నీ ఎక్కువ బలం తట్టుకునే 10.9 గ్రేడు. కాలిపర్‌ను ఈసారి ఇరుసు వెనక వైపు, దాని సొంత కారులో ఉన్నట్టే పెట్టాం. నిపుల్ పైకి వచ్చింది. డిస్క్ ఊగడం డయల్ గేజ్‌తో చూస్తే ఎడమ వైపు 0.18 మి.మీ. ఉంది. డిస్క్ వంకర అనుకున్నాం. హబ్ ముఖం మీద తుప్పు పొర గీకి మళ్లీ బిగిస్తే 0.06కు దిగింది. కొత్త డిస్క్ కొనే ముందు ఒక్కసారి హబ్ తుడిచి చూడండి.

ఈ రకం కాలిపర్‌లో పిస్టన్‌ను సి-క్లాంప్‌తో వెనక్కి నొక్కకూడదు. లోపల హ్యాండ్ బ్రేక్ స్క్రూ ఉంటుంది, తిప్పుతూ లోపలికి పంపాలి. నొక్కితే స్క్రూ పాడవుతుంది. పిస్టన్ ముఖం మీది గాడి, ప్యాడ్ వెనక చిన్న మొలక ఒకదానిలో ఒకటి కూర్చోవాలి, లేకపోతే పిస్టన్ తిరిగిపోయి హ్యాండ్ బ్రేక్ తనంతట తాను సర్దుకోదు. ఈ స్క్రూ వల్ల ఒక లాభం కూడా ఉంది. మలుపుల్లో ఇరుసు వంగి డిస్క్ ప్యాడ్‌ను వెనక్కి కొట్టినా, స్క్రూలో ఉన్న కాస్త ఆట మేరకే పిస్టన్ వెనక్కి పోగలదు. మలుపు తర్వాత మొదటి తొక్కులో పెడల్ ఖాళీగా దిగడం రేసు కార్లలో భయపెట్టే విషయం. అది ఇక్కడ తగ్గింది.

కొత్త డాట్ 4 ఆయిల్ పోశాం. దాని మరుగు హద్దు కొత్తదైతే 230, తేమ పట్టాక 155. పిన్నులకు రబ్బరుకు పడే సిలికాన్ గ్రీజు మాత్రమే.

ట్రయల్

పరీక్షకు హైవే ఎక్కలేదు. బాలానగర్ వైపు ఒక రియల్ ఎస్టేట్ వెంచర్‌లో, ప్లాట్లు ఇంకా అమ్ముడుకాని ఖాళీ తారు రోడ్లున్నాయి. యజమానిని అడిగి గేటు మూయించి, పొద్దున్నే వెళ్లాం. ముందు ప్యాడ్లు, డిస్కులు ఒకదానికొకటి అలవాటు పడాలి. 60 నుంచి 20 దాకా పది సార్లు, మధ్యలో పూర్తిగా ఆపకుండా. ఆ తర్వాత చల్లారనిచ్చాం.

అసలు పరీక్షకు మా పిల్లగాడు ఫోన్‌తో పక్క నుంచి వీడియో తీశాడు. ఏ చక్రం ముందు ఆగుతుందో చూడటానికి టైర్ల మీద సుద్దతో తెల్లగీత గీశాం. వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు, గట్టిగా తొక్కితే కుడి వెనక చక్రం రెప్పపాటు ముందు లాక్ అయింది. లెక్క చెప్పిందీ అదే. నాబ్ ఒక్కో చుట్టు బిగిస్తూ పోయాం. మూడో చుట్టుకు ముందు చక్రాలే ముందు ఆగాయి, కారు గీత గీసినట్టు నేరుగా నిలిచింది. 60 వేగం నుంచి సగటున 19 మీటర్లలో ఆగింది. వేడి కొలిచే గన్‌తో చూస్తే ముందు డిస్కులు 112 డిగ్రీలు, వెనకవి 74. పాత సెటప్‌లో బ్రేకు దాదాపు తొక్కకుండా పది కిలోమీటర్లు నడిపినా వెనకవే 140 చూపించాయి.

హ్యాండ్ బ్రేక్ మాత్రం మొదట వాలు మీద పట్టలేదు. కేబుల్ ముందే బిగించేయడం వల్ల లోపలి స్క్రూ సర్దుకునే వీలు లేకపోయింది. కేబుల్ వదులు చేసి, పెడల్ ముప్పై సార్లు తొక్కి, తర్వాత కేబుల్ సరిచేస్తే పట్టింది.

తర్వాత ఓనర్ మళ్లీ శ్రీశైలం వెళ్లారు. ఈసారి నేనూ వెంట ఉన్నాను. అడవిలో గేట్లు రాత్రి 9కి మూస్తారు కాబట్టి పొద్దున్నే బయలుదేరాం. ఘాట్ అంతా దిగి డ్యామ్ దగ్గర ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ముందువి వేడిగా ఉన్నాయి, వెనకవి గోరువెచ్చగా. పెడల్ ఇంటి దగ్గర ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంది. ఆయన గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నారు.

ట్రాక్ నుంచి వచ్చాక ప్యాడ్లు విప్పి కొలిచాం. ముందువి 2 మి.మీ. అరిగాయి, వెనకవి 0.8.

"వెనకవి అరగనే లేదు కదా, పనిచేస్తున్నాయంటారా?" అని అడిగారు ఓనర్.

రెండు జతలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, వాటి కింద కాటా చీటీ పరిచాను. చీటీ వెనక పెన్సిల్‌తో రాసిన 70, 30 అంకెలు ఇంకా చెరిగిపోలేదు. ఆయన వెర్నియర్ తీసుకుని, తానే మళ్లీ నాలుగు ప్యాడ్లూ కొలుచుకున్నారు.